వీపు మీద తలుపు

మా షాపు ఒక పాత కాంప్లెక్సులో నేలకి దిగువన ఉంటుంది. పైన బట్టల దుకాణాలు, ఫోన్లు బాగుచేసేవాళ్ళు, ఒక కళ్ళజోళ్ళ షాపు. వీధిలోంచి మెట్లు దిగగానే మొదటి షట్టర్ మాదే. కిటికీ లేదు. పట్టపగలు కూడా లైటు వెయ్యాల్సిందే. ఎండాకాలంలో మీకేం, చల్లగా కూర్చుంటారు అంటారందరూ. వాళ్ళని వానాకాలంలో ఒక్కసారి రమ్మనాలి. గోడలకి చెమటలు పోస్తాయి. స్పిరిట్ వాసన, రబ్బరు గ్లౌజుల వాసన, తడి సున్నం వాసన కలిసి గొంతులో కూర్చుంటాయి.

నిజానికి షాపు నాది కాదు, మాస్టారిది. ఆయన్ని అందరూ మాస్టారనే పిలిచేవారు. బయట బోర్డు మీద 'టాటూ' అని రాయించినా, ఆయన మాత్రం చివరిదాకా 'పచ్చబొట్టు' అనే అన్నారు. నేను పనిలో చేరిన కొత్తలో అరటితొక్క మీద సూదితో ఒక గీత గీయమన్నారు. అది పాము పాకినట్టు పోయింది. ఆ రోజు నుంచి నేను 'వంకరగీత'. తర్వాత నా చెయ్యి ఎంత కుదిరినా ఆ పేరు పోలేదు. కాకపోతే మేమిద్దరమే ఉన్నప్పుడే అలా పిలిచేవారు. పదిమందిలో నా పరువు తియ్యడం ఆయనకి ఇష్టం ఉండేది కాదు.

ఎవరైనా ఫోన్లో బొమ్మ చూపించి ఇది వెయ్యండి అంటే ఆయన వెంటనే మిషన్ పట్టుకునేవారు కాదు. కూర్చోబెట్టి మాట్లాడేవారు. సీతాకోకచిలుక కావాలని వచ్చిన ఒక నర్సమ్మ భుజం మీద చివరికి తుఫానులో సముద్రం వేశారు. నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడని మనిషి ఆవిడ. అద్దంలో చూసుకుని, 'ఇదే... ఇదే' అంటూ ఏడ్చేసింది.

"బొమ్మ మనం వెయ్యమే. లోపల ఉన్నదానికి దారి ఇస్తాం, అంతే," అనేవారు మాస్టారు, లవంగం నములుతూ. ఆయన నోట్లో ఎప్పుడూ లవంగమే. కస్టమర్ ముఖం దగ్గర వంగి పనిచేసేవాడికి నోరు శుభ్రంగా ఉండాలని ఆయన సిద్ధాంతం.

రెండేళ్ళ కిందట, నేను జ్వరంతో రాని ఒక రోజున మాస్టారు మాయమైపోయారు. మర్నాడు వచ్చి చూస్తే షట్టర్ తీసే ఉంది. లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది. మిషన్ గుడ్డ మీద పెట్టి ఉంది. స్టూలు కింద ఆయన చెప్పులు ఉన్నాయి. పోలీసులు వచ్చి అడగాల్సినవి అడిగి వెళ్ళారు. కాంప్లెక్సులో వాళ్ళు మాత్రం ఎవరితోనో లేచిపోయాడని తేల్చేశారు.

ఆయన భార్యని నేను అత్తయ్యా అని పిలుస్తాను. ఆ మాట ఆవిడ చెవిన పడగానే, "చెప్పులు లేకుండా ఎవడైనా లేచిపోతాడటే?" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఆవిడ ఫోను వస్తుంది. ఒకటే ప్రశ్న. "ఏమైనా తెలిసిందా?"

"లేదత్తయ్యా."

అలా అలవాటైపోయింది.

ఇక ఆ రోజు సంగతి. మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. పైన వాన కుమ్మేస్తోంది. మెట్ల మీద నీళ్ళు ధారకట్టి దిగుతుంటే గుమ్మానికి గోనెపట్టా అడ్డం పెడుతున్నాను. అప్పుడు వచ్చాడతను. సన్నటి మనిషి. చొక్కా గొంతు దాకా బొత్తాలు పెట్టుకుని ఉన్నాడు. మందుల షాపులో పని చేస్తానన్నాడు.

"వీపు మీద చిన్న పని మేడం. షట్టర్ వేస్తారా? ఎవరూ చూడకూడదు."

ఒంటరిగా ఉన్న ఆడమనిషిని. మామూలుగా అయితే ఒప్పుకునేదాన్ని కాదు. కానీ అతని ముఖం చూస్తే నేను భయపడటం కాదు, అతనికే ఎవరో ధైర్యం చెప్పాలనిపించింది. పైగా సూది ఉండేది నా చేతిలో. బటన్ నొక్కాను. మోటారు మూలుగుతూ షట్టర్ దిగింది. వాన చప్పుడు ఎక్కడో దూరంగా వినిపించింది.

"ఏం వెయ్యాలి?"

"గొళ్ళెం," అన్నాడు. "గట్టిది."

నవ్వొచ్చింది. తాళంకప్ప కూడా కావాలా అని అడగబోయాను. ఈలోగా అతను చొక్కా విప్పి అటు తిరిగాడు.

వీపు నిండా తలుపు.

మెడ కింద మొదలై నడుము దాకా ఉంది. పాత చెక్క తలుపు. చెక్కలో ఈనెలు, ఇనుప బందులు, కింద అరిగిన గడప. ఒకచోట చెక్క చిట్లి పెచ్చు లేచింది. తెలియకుండానే వేలితో తడిమాను. నున్నటి చర్మం. నీడంతా గీతలతో కాదు, ఒట్టి చుక్కలతో నింపారు. ఇన్ని చుక్కలు ఇంత ఓపికగా పెట్టే చెయ్యి నాకు ఒక్కటే తెలుసు.

"ఇది ఎవరు..."

నా మాట పూర్తి కాకముందే కరెంటు పోయింది.

చీకటి. అరచెయ్యి కళ్ళ ముందు పెట్టుకున్నా కనిపించని చీకటి. తడుముకుంటూ వెళ్ళి షట్టర్ బటన్ నొక్కాను. మోటారు కదలలేదు. దాన్ని చేత్తో తిప్పే హ్యాండిల్ వాచ్‌మన్ దగ్గర ఉంటుంది, అదీ బయట నుంచే తిప్పాలి. ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. ఇక్కడ మామూలు రోజుల్లోనే ఉండీ ఉండనట్టు ఉంటుంది. షట్టర్ మీద దబదబా బాదాను. ఆ వానలో ఎవరికి వినపడుతుంది?

తలకి కట్టుకునే లైటు వెలిగించాను. అతను చీకట్లోనే పచ్చబొట్టు వేసే బల్ల ఎక్కి బోర్లా పడుకున్నాడు, బల్ల అంచు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని.

"ఇది మాస్టారి పని," అన్నాను. "ఎప్పుడు వేశారు?"



"ఈ బల్ల మీదే. ఆఖరిసారి ఆయన కనపడకుండా పోయిన రోజున."

స్టూలు లాక్కుని కూర్చున్నాను.

అతను ముఖం దిండులో పెట్టుకుని చెప్పాడు. వాళ్ళ ఇంట్లో రెండే గదులట. అన్నావదినలు, వాళ్ళ పిల్లలు, అమ్మ, ఇతను. స్నానాల గదిలో తప్ప ఇంకెక్కడా ఒంటరిగా ఉండే వీలు లేదు. ఏడవాలన్నా కుళాయి విప్పుకోవాలి. ఏం కావాలి నాయనా అని మాస్టారు అడిగితే, నాకంటూ ఒక గది కావాలండీ అన్నాడట వేళాకోళంగా.

"ఆయన నవ్వలేదు. గది నేను ఇవ్వలేను, తలుపు ఇస్తాను అన్నారు. ఎవరూ చూడకూడదని, మీరు ఇంటికి వెళ్ళాక చాలాసార్లు పిలిచి వేశారు. చివరి రోజు... ఇంక అయిపోవచ్చిందనగా మిషన్ ఆగింది. 'అరె' అన్నారు. ఏదో వింత చూసినట్టు. వీపుకి చల్లగాలి తగిలింది. తర్వాత తలుపు మూసుకున్న చప్పుడు. లేచి చూస్తే ఆయన లేరు."

"మరి ఎందుకు చెప్పలేదు? వాళ్ళావిడ రోజూ నాకు ఫోన్ చేసి..."

"ఏమని చెప్పను మేడం? మనిషి నా వీపులోకి వెళ్ళాడని చెప్పనా?"

అంతలో...

టక్.

చిన్న చప్పుడు. షట్టర్ వైపు చూశాను. వాచ్‌మన్ వచ్చాడేమో అనుకున్నాను.

టక్... టక్.

షట్టర్ దగ్గర కాదు.

"వచ్చింది," అన్నాడు అతను. వీపంతా బిగుసుకుపోయింది. "మొదట్లో నాకొక్కడికే వినపడేది. ఇప్పుడు మా అమ్మ కూడా వింటోంది. గొళ్ళెం వెయ్యి అక్కా, నీకు పుణ్యముంటుంది. ఇల్లయితే ఖాళీ చేసి ఎక్కడికైనా పోతాం. వీపుని ఎక్కడ వదిలిపెట్టి పోను?"

మేడం పోయి అక్క అయ్యాను.

గ్లౌజు తీసేసి ఆ తలుపు మీద అరచెయ్యి ఆనించాను. చర్మం వెచ్చగా లేదు. రాత్రంతా చలిలో ఉన్న చెక్కలా ఉంది. కింది నుంచి ఏదో వచ్చి అరచేతికి తగిలింది. నీళ్ళల్లో చేప తగిలినట్టు. చెయ్యి లాగేసుకున్నాను.

అప్పుడు వచ్చింది ఆ వాసన. గడప దగ్గర, తలుపు కింద సన్నటి సందు గీసిన చోటు నుంచి.

లవంగం.

వంగాను. నా ఊపిరి నాకే వినిపిస్తోంది. పెదవులు గడపకి దాదాపు తగిలేలా పెట్టి అడిగాను.

"మాస్టారూ?"

చప్పుడు ఆగిపోయింది. ఎక్కడో నీటిబొట్టు పడింది. ఇంకోటి పడింది...

"వంకరగీతా..."

గొంతు చాలా దూరం నుంచి వచ్చింది. పొడుగాటి వసారా చివర నిలబడి మెల్లగా పిలిచినట్టు.

ఏడుపు తన్నుకొచ్చింది. "మాస్టారూ! తలుపు తియ్యండి. తోసెయ్యండి. నేనిక్కడే ఉన్నాను, లాగుతాను. అత్తయ్య రోజూ..."

"ష్... మెల్లగా."

చెవి గడపకి ఆనించాను.

"గొళ్ళెం వెయ్యి," అన్నారు.

"మిమ్మల్ని లోపల పెట్టి గొళ్ళెం వెయ్యమంటారా? నా చేతులు పడిపోవూ!"

"తట్టేది నేను కాదే."

కాసేపటి దాకా నాకు ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక... గడప మీంచి ముఖం వెనక్కి తీసుకున్నాను.

"తలుపు గీస్తే వెనకాల ఖాళీ గది ఉంటుందనుకున్నాను," మాస్టారి గొంతు వణుకుతోంది. ఏనాడూ వణకలేదు అది. "ఖాళీగా లేదు. వీడు పుట్టినప్పటి నుంచీ లోపలే ఉందిది. ఇన్నాళ్ళూ దారి లేదు. నేను ఇచ్చాను."

"మీరు వచ్చెయ్యండి ముందు. ఒక్కసారి తీసి..."

"నేనొస్తే అదీ వస్తుంది. నా చెయ్యి పట్టుకునే ఉంది."

బల్ల మీద అతనికి ఇవేవీ వినపడుతున్నట్టు లేదు. "ఎవరితో మాట్లాడుతున్నావక్కా?" అని గొణిగాడు. నేను సమాధానం చెప్పేలోగా అతని వీపు పైకి లేచింది. మనిషి కాదు, వీపే లేచింది. తలుపు రెక్క ఉన్నంత మేరా చర్మం ఉబ్బింది. ఒక అంచున, చుక్కల నీడ పక్కన, సన్నటి నల్లటి చీలిక కనపడింది. అతను పెట్టిన కేక ఆ చిన్న గదిలో గోడకీ గోడకీ కొట్టుకుంది. నేను రెండు అరచేతులూ వేసి నొక్కేశాను. ఒళ్ళంతా బరువేసి నొక్కాను. లోపలి నుంచి ఏదో తోస్తోంది. బలంగా కాదు. ఓపికగా. దానికి తొందర లేనట్టు.

"వెయ్యవే!" మాస్టారు అరిచారు. ఆ అరుపు కూడా గుసగుసలాగే వినిపించింది.

ఎడమ మోచేత్తో తలుపుని అదిమిపెట్టి, కుడిచేత్తో మిషన్ అందుకున్నాను. బ్యాటరీది కాబట్టి బతికాను. స్టెన్సిల్ లేదు, కొలత లేదు. సూది దింపాను. ఇన్నేళ్ళలో లెక్కలేనన్ని ఒంటి మీద పని చేశాను. ఇలాంటి చర్మం ఎప్పుడూ తగల్లేదు. సూది కిందికి దిగనివ్వదు. దిగితే బయటికి రానివ్వదు. లోపల ఎవరో మొన పట్టుకుని లాగుతున్నట్టు... గీశాను. మొదట కొక్కెం. తర్వాత గొళ్ళెం కమ్మీ. సిరా, నెత్తురు కలిసి నడుము మీంచి జారుతున్నాయి. తల మీది లైటు మసకబారుతోంది. చెమట కళ్ళల్లో పడుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

టక్. టక్. టక్. టక్. మోచేతి ఎముకకి తెలుస్తోంది.

"అత్తయ్యకి చెప్పకు," అన్నారు మాస్టారు. ఈసారి చాలా దగ్గరగా. తలుపుకి చెవి ఆనించి నిలబడినట్టు. "చెప్తే తలుపు తియ్యమంటుంది."

"మాస్టారూ..."

"చెయ్యి కుదిరిందే నీకు. బాగా కుదిరింది."

గొళ్ళెం కొక్కెంలో పడే ఆఖరి గీత గీశాను.

చప్పుడు ఆగిపోయింది. మోచేతి కింద ఒట్టి వీపు. వెచ్చగా, చెమటతో తడిసి, మామూలు మనిషి వీపులా ఉంది. లవంగం వాసన లేదు. అతను దిండులో ముఖం పెట్టి వెక్కిళ్ళు పెడుతున్నాడు. నేను స్టూలు మీద కూలబడి నా చేతుల వంక చూస్తూ ఉండిపోయాను. మా మాస్టారిని ఈ చేతులతోనే లోపల పెట్టి గొళ్ళెం వేశాను. ఇంక బయటికి వెళ్ళాలని కూడా అనిపించలేదు నాకు. ఎక్కడికి వెళ్ళను? ఎవరికి ముఖం చూపించను?

కరెంటు వచ్చింది. ఫ్యాను ఏమీ జరగనట్టు తిరగడం మొదలుపెట్టింది. కట్టు కట్టాను. షట్టర్ ఎత్తాను. అతను రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, వానలోనే వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఫోను మోగింది. ఎత్తాలనిపించలేదు. ఎత్తకపోతే ఆవిడే బయల్దేరి వస్తుంది.

"ఏమైనా తెలిసిందా?"

ఇన్నాళ్ళూ ఆ జవాబు నిజమే. ఆ రోజు మొదటిసారి అబద్ధమైంది.

"లేదత్తయ్యా."

ఆ తర్వాత నాకు నిద్ర సరిగ్గా పట్టేది కాదు. కళ్ళు మూస్తే పొడుగాటి వసారా, చివర ఆయన. పక్కన ఎవరో చెయ్యి పట్టుకుని నిలబడి ఉంటారు. వాళ్ళ ముఖం కనపడదు. షాపులో షట్టర్ సగం దింపినా ఊపిరి ఆడేది కాదు. బొమ్మల కోసం వచ్చినవాళ్ళకి చిన్న చిన్న పువ్వులు, పేర్లు వేసి పంపేసేదాన్ని. మీ మనసులో ఏముందని ఎవరినీ అడగలేదు. అడగడానికి ధైర్యం చాల్లేదు.

పుండు మానిందో లేదో చూపించుకోవడానికి రమ్మని అతనికి ఆ రోజే చెప్పి పంపాను. ఒక ఉదయం వచ్చాడు. వెనకాల వాళ్ళ అమ్మ. పొట్టి మనిషి, తెల్లబడిన జుట్టు. అతను చకచకా మెట్లు దిగేశాడు. ఆవిడ మాత్రం చాలా నెమ్మదిగా దిగింది. మోకాళ్ళ నొప్పులేమో అనుకున్నాను.

అతన్ని నేను గుర్తుపట్టలేకపోయాను. ముఖంలో కళ వచ్చింది. చొక్కా పై బొత్తాలు విప్పుకుని, ఈల వేస్తూ వచ్చి బల్ల మీద బోర్లా పడుకున్నాడు.

"హాయిగా ఉందక్కా. లోపలంతా ఖాళీ అయిపోయినట్టు తేలిగ్గా ఉంది. చప్పుడే లేదు. పడుకుంటే తెల్లారేదాకా మెలకువ రావట్లేదు."

చొక్కా పైకెత్తాను.

పుండు బాగానే మానింది. గీత గీతగా కనపడుతోంది గొళ్ళెం. కాకపోతే నేను వేసినట్టు కొక్కెంలో లేదు. పక్కకి వేలాడుతోంది. తలుపు రెక్క ఒక అంగుళం మేర తెరుచుకుని ఉంది. ఆ సందులో ఉన్నంత నలుపు సిరా నేనెప్పుడూ కొనలేదు.

ఆవిడ వెనక నుంచి వచ్చి కుడిచేత్తో నా మణికట్టు పట్టుకుని ఆపింది. అదే చేతి వేలు పెదాల మీద పెట్టుకుని, నా చెవి దగ్గరకి వచ్చింది.

"వాడికి చెప్పకమ్మా. నేనే తీశాను. వాడు నిద్రపోతున్నప్పుడు గోటితో ఇలా పైకి లేపితే వచ్చేసింది."

"ఎందుకు తీశారమ్మా!"

"లోపల ఏడుస్తుంటే ఎలా ఊరుకోను?" ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. "చిన్నప్పుడు వీడు అచ్చం అలాగే ఏడ్చేవాడు. ఇరుకింట్లో అందరికీ నిద్ర చెడుతుందని నోరు నొక్కేదాన్ని. ఈసారి నొక్కలేకపోయాను."

"ఏంటక్కా గుసగుసలు?" అన్నాడతను బల్ల మీంచి, నవ్వుతూ.

నేను వంగి ఆ సందు దగ్గర నోరు పెట్టాను. "మాస్టారూ," అన్నాను. మళ్ళీ అన్నాను. లవంగం వాసన లేదు. ఏ వాసనా లేదు. నా మాట లోపలికి పోయింది. తిరిగి ఏమీ రాలేదు.

అతను లేచి చొక్కా వేసుకున్నాడు. మళ్ళీ ఎప్పుడు రమ్మంటావని అడిగి, ఈల వేసుకుంటూ మెట్లెక్కి వీధిలోకి వెళ్ళిపోయాడు. ఆవిడ మాత్రం వెనకబడింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.

అప్పుడు గమనించాను ఆవిడ ఎడమ చేతిని. మోకాళ్ళ వైపు కిందికి చాచి ఉంది, వేళ్ళు దేని చుట్టూనో మూసి ఉన్నాయి. ఒక మెట్టు ఎక్కేది. ఆగేది. పక్కకి చూసేది. మళ్ళీ ఇంకో మెట్టు.

రాత్రి వానకి మెట్లు ఇంకా తడిగానే ఉన్నాయి. సగం ఎక్కాక ఆవిడ వంగి, ముద్దుగా, లోగొంతుకతో అంది.

"మెల్లగా, నాన్నా... జారుతుంది."